పడుగు పట్టినవాడు మనవాడు

మా వీధిలో పొద్దున్నే పడుగు సాగదీస్తారు. నాలుగిళ్ల పొడుగునా నూలు బారుగా పరిచి, గంజి పెట్టి, అది ఆరేలోపు కుంచెతో దువ్వాలి. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే మా నేతవాళ్లకు ఒక లెక్క ఉంది: పడుగు పట్టినవాడు మనవాడు. మంచి లెక్కే. మమ్మల్ని ముంచిందీ అదే.

తెలంగాణ వచ్చిన కొత్తలో, పేరు చెప్పడం నాకిష్టం లేని ఒక పొదుపు కంపెనీ మా దగ్గర ఆఫీసు తెరిచింది. దాని మేనేజరు మా బాపుతో మాట్లాడదామని వచ్చి, మేం పడుగు మీద ఉండటం చూసి, ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి తనూ ఒక కొస పట్టుకున్నాడు. గంటసేపు ఎండలో నిలబడ్డాడు. ఇక అతని కాగితాలు ఎవరూ చదవలేదు. బాపు ఏజెంటయ్యాడు. వీధంతా బాపు చేతికే డబ్బు ఇచ్చింది.

మూడో ఏడు ఆఫీసుకు తాళం పడింది. మేనేజరు జైలుకు పోయి బెయిలు మీద వచ్చాడు. ఇప్పుడు పాలమూరు వైపు ప్లాట్లు అమ్ముతున్నాడట, ఇస్త్రీ చొక్కాలోనే. మా సొమ్మూ పోయింది కానీ ఆ మాట ఎవరూ వినలేదు. పక్కింటి చిన్నమ్మ, అమ్మకు వరుసకు చెల్లెలు, బిడ్డ నర్సింగు చదువు కోసం దాచిందంతా అందులోనే పోసింది. ఆ పిల్ల చదువు మాని నల్లగొండలో బట్టల షాపులో చేరింది.

"నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలైనయట" అనేది చిన్నమ్మ, గోడ ఇవతల మాకు వినబడేటట్టు.

తర్వాత మా పడుగు వంతు వచ్చింది. బాపు ఇల్లిల్లూ తిరిగి పిలిచాడు. ఒక్కరూ రాలేదు. బాపు, అమ్మ, నేను. ఎండెక్కుతోంది, గంజి బిగుస్తోంది. పోగులు అంటుకుంటే నూలంతా పాడు, నెల తిండి పోయినట్టే. నాకు సిగ్గుకంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

అప్పుడు చిన్నమ్మ తలుపు తీసుకుని వచ్చి కుంచె అందుకుంది. పనయ్యేదాకా తలెత్తలేదు. బాపు చేతులు జోడించబోయాడు.

"నీ కోసం రాలె బావా," అంది. "నూలేం పాపం చేసింది?"

బాపు ఆ పడుగు నేసి దింపాక మగ్గం అమ్మేశాడు. ఆ డబ్బు తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాడు. చిన్నమ్మ వద్దనలేదు. ఇప్పుడాయన వేరేవాళ్ల షెడ్డులో కూలికి నేస్తున్నాడు. అక్కడ పడుగు తయారై వస్తుంది. ఎవరినీ పిలవాల్సిన పని లేదు.