కారంపూడి చరణం

నాన్న పోయిన నెలకు మాచర్ల బస్సులో వెళుతున్నాను. ఆయన కట్టిన క్రీస్తు పాటలు ఆయనతోనే పోతాయని అప్పట్లో నా భయం. పక్క సీట్లోని పెద్దామె సన్నగా పాడుకుంటోంది. సమాధి దగ్గర పాడటానికి నాన్న రాసిన పాటే అది. మూడు చరణాలయ్యాక ఆమె ఇంకో చరణం అందుకుంది.

"అమ్మా, దానికి మూడే చరణాలు," అన్నాను.

"ఎవురయ్యా నీకు చెప్పింది?"

"రాసినాయన కొడుకుని."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అయితే ఏంది? నాలుగోది మా అత్త కట్టింది. మీ నాయన పోయినోళ్ళ గురించే రాశాడు. మిగిలినోళ్ళు ఎట్టా బతకాలో రాయలా. అది పాడందే మా కారంపూడిలో గుంటలో మట్టి ఎయ్యం. మీ నాయన పోయాడని ఇన్నా. ఆయనకి పాడారా?"

"లేదు."

"ఇప్పుడిను మరి," అని మొదటి నుంచి ఎత్తుకుంది. ముందు సీట్లోని ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరగకుండానే గొంతు కలిపారు. నాలుగో చరణం వాళ్ళకీ వచ్చు.

తర్వాత నాన్న పాటలు అచ్చు వేయించినప్పుడు దాన్నీ చేర్చాను. ఆమె అత్త పేరు అడగలేదు కాబట్టి, ఆ చరణం కింద కారంపూడి అని వేయించాను.