కానుగ నూనె, కడిగిన నెయ్యి

నా చెల్లెలు పుట్టిన ఏడు, దండు ఉన్న మా లష్కర్‌లో కొబ్బరి నూనె దొరకలేదు. అది మాకు బయటి నుంచి రావాలి. సరిహద్దుల దగ్గర సరుకులు ఆపేశారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఉప్పు దొరికిన రోజు కిరసనాయిలు ఉండేది కాదు, కిరసనాయిలు దొరికిన రోజు అగ్గిపెట్టె ఉండేది కాదు. నాకప్పుడు పదకొండేళ్లు. నైజాం ఏమవుతాడో, ఢిల్లీ వాళ్లు ఏం చేస్తారో నాకేం తెలుసు? మా ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చోవడం లేదని మాత్రం తెలుసు.

మాది బట్టలుతికే ఇల్లు. కార్ఖానా బస్తీలో ఉండేవాళ్లం. దండులోని సిపాయిల బట్టలు మా నాయన మూటలుగా తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చి వచ్చేవాడు. ఆ ఏడు మొదట్లోనే సిపాయిలు బారకాసులు ఖాళీ చేసి వెళ్లిపోయారు. వాళ్లతో పాటు మా పనీ పోయింది. నాయన పొద్దున లేచి, అలవాటు కొద్దీ రుమాలు తలకు చుట్టుకుని, వీధి చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చేవాడు. కాసేపు కూర్చుని మళ్లీ లేచేవాడు. "నువ్వట్ల తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నయ్" అని అమ్మ విసుక్కునేది. విసుక్కుంటూ తనూ బియ్యం డబ్బా మూత తీసి చూసి, పెట్టి, మళ్లీ తీసి చూసేది.

మా చేతులు ఎప్పుడూ పగిలి ఉండేవి. సోడా నీళ్లలో బట్టలు నానబెట్టి, ఆవిరికి ఉబ్బ వేసే ఇంట్లో పిల్లల చేతులు కూడా అంతే. వేళ్ల సందుల్లో తోలు ఎర్రగా విచ్చుకుని, అన్నంలో కారం తగిలితే ప్రాణం పోయేది. దానికి మందు మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. అక్కడ ఎద్దు తిప్పే గానుగ ఉండేది. గానుగాయనది, ఆయన భార్యది మెదక్ వైపు ఊరు. తురకవాళ్లే గానీ ఇంట్లోనూ తెలుగే మాట్లాడుకునేవారు. ఆవిడను నేను ఖాలమ్మా అని పిలిచేదాన్ని. అమ్మ ఆమెను అక్కా అనేది. వాళ్ల నూనె బట్టలు ఎవరు ఉతికినా జిడ్డు పోదు, మా అమ్మ ఉతికితే పోతుంది. అందుకే ఆ స్నేహం మొదలైంది. తర్వాత బట్టలతో పని లేకుండానే సాగింది.

ఆ పగుళ్లకు ఖాలమ్మ మలాం చేసేది. పిడకల నిప్పు మీద ఇత్తడి గిన్నె పెట్టి, కానుగ నూనెలో గుప్పెడు వేపాకు, దంచిన పసుపు కొమ్ము వేసి, సన్నని సెగ మీద ఉంచేది. మంట లేచిందంటే పిడకను పక్కకు లాగేది. ఆకు చిటపటలాడినంతసేపూ అందులో నీరుందన్నమాట. చప్పుడు ఆగి ఆకు గలగలలాడితే దించి, బట్టలో వడగట్టి, చిన్న మైనం ముక్క వేసి కలిపేది. ఒక చుక్క గోరు మీద వేసుకుని, గడ్డకట్టే తీరు చూసి మైనం చాలో చాలదో చెప్పేది. వాసన చేదుగా, ఘాటుగా ఉండేది. నాలుగు పూటలు రాస్తే పగుళ్లు పూడేవి. నేను ఆమె పక్కన కూర్చుని ఇదంతా చాలాసార్లు చూశాను. అమ్మ చూడలేదు, ఆమెకు ఎప్పుడూ రేవులో పని.

చెల్లెలు వేసవిలో పుట్టింది. నెలలు నిండకుండా పుట్టిందేమో, ఒళ్లంతా ఉల్లిపొరలా ఉండేది. ఖాలమ్మకు పిల్లలు లేరు. రోజూ పొద్దున్నే వచ్చి, మా పెరట్లో కాళ్లు చాపి పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకునేది. కొబ్బరి నూనె లేదు కాబట్టి తమ గానుగలో ఆడిన నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి తెచ్చేది. అరికాళ్ల నుంచి మొదలుపెట్టి, తొడలు, పొట్ట, భుజాలు, చివరికి నడినెత్తి. తర్వాత పెసరపిండి పాలతో కలిపి మెత్తగా నలుగు పెట్టేది. పిల్ల మొదట ఏడ్చి, తర్వాత కళ్లు అరమూసి పడుకునేది. ఇల్లంతా గాభరాగా ఉన్న ఆ రోజుల్లో ఆ కాసేపే అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఊరికే చూసేది.

వానాకాలం వచ్చేసరికి వీధిలో నైజాం తరఫున కర్రలు పట్టుకుని కవాతు చేసేవాళ్లు ఎక్కువయ్యారు. కొందరు రాత్రికి రాత్రే మూటలు కట్టుకుని బెజవాడ వైపు పోయారు. మేం ఎటు పోతాం? నాయన ఒక రోజు పోదామనేవాడు, మరుసటి రోజు వద్దనేవాడు. భాద్రపదంలో విమానాల చప్పుడు వినపడింది. నాలుగైదు రోజులు తలుపులేసుకుని కూర్చున్నాం. అంతా అయిపోయిందని, సైన్యం వచ్చేసిందని వీధిలో కేకలు వినపడ్డాక తలుపు తీశాం. లారీల మీద సిపాయిలు, కొందరి చేతుల్లో పూలదండలు. పోలీస్ యాక్షన్ అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను.

మర్నాడు పొద్దున అమ్మ నూనె గిన్నె కోసం ఎదురుచూసింది. ఖాలమ్మ రాలేదు. గానుగ ఇంటికి తాళం. ఆ వీధిలో తురకల ఇళ్లు చాలా వరకు తాళాలే. మొన్నటి కవాతుకు వీళ్ల మీద పగ తీర్చుకుంటారన్న భయంతో ఎక్కడివాళ్లు అక్కడికి పోయారని ఎదురింటి ముసలమ్మ చెప్పింది. గానుగవాళ్లు మల్కాజ్‌గిరిలో ఖాలమ్మ చెల్లెలి ఇంటికి పోయారట.

"అటు దిక్కు పోవద్దు" అన్నాడు నాయన. "ఇల్లు దాటితే బాగుండదు, చెప్తున్న."

నలుగు లేని పది రోజుల్లో, ఉక్కకు, తడి గుడ్డలకు చెల్లెలి మెడ కింద, తొడల సందుల్లో ఎర్రగా పొక్కులు లేచాయి. రాత్రీ పగలూ ఏడుపు. అమ్మ తనే మలాం చేయడానికి కూర్చుంది. నేను పక్క నుంచి "సెగ తగ్గించాలె అమ్మా" అంటూనే ఉన్నాను. "నీకేం ఎరుక, ఊకో" అంది. నూనె పొగలు కక్కింది. ఆకు నల్లబడింది. మైనం లేదు. చల్లారాక అదే తీసి పిల్ల మెడకు రాసింది. పిల్ల ఒక్కసారి ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత అరిచిన అరుపు నాకిప్పటికీ చెవిలో ఉంది. సాయంత్రానికి పొక్కులున్నచోట తోలు కందిపోయి తడి ఊరింది. అమ్మ ఏడవలేదు. పిల్లను భుజాన వేసుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉంది.

తెల్లారి నాయన బయటికి వెళ్లగానే నన్ను లేపింది. "పద" అంది.

పెద్ద రోడ్డు మీద లారీలు తిరుగుతున్నాయని నేరేడ్‌మెట్ వైపు చుట్టూ తిరిగి, రాళ్ల మధ్య కాలిబాటన పోయాం. వాన వెలిసి బురదగా ఉంది. అమ్మ నాకు అందనంత వేగంగా నడిచింది. మధ్యలో ఆగి కొంగు తీసి పిల్ల మెడ చూసేది, మళ్లీ కప్పేది, మళ్లీ నడిచేది. మల్కాజ్‌గిరి రైలుకట్ట దాటాక, అడిగితే, గేదె కట్టేసి ఉన్న ఇల్లని ఎవరో చూపించారు. తలుపు మూసి ఉంది. తట్టాం. లోపల మాటలు ఆగిపోయాయి.

"అక్కా, నేను. బట్టలుతికే చెల్లెను. కార్ఖానా నుంచి వచ్చిన."

అమ్మ మళ్లీ తట్టింది. అప్పుడు ఆమె భుజం మీద పిల్ల ఏడ్చింది. గడియ తీసిన చప్పుడు వినపడింది.

ఖాలమ్మ పది రోజుల్లోనే సన్నబడింది. మమ్మల్ని లోపలికి లాగి గడియ వేసింది. అమ్మను ఏమీ అడగకుండా పిల్లను తీసుకుని, కిటికీ సందులోంచి పడే వెలుగులో పెట్టి చూసింది.

"ఏం రాసినవ్? నిజం చెప్పు."

"కానుగ నూనె అక్కా. నువ్వు చేసినట్టే చేసిన."

"ఎంతసేపు కాచినవ్?"

"పొగ వచ్చేదాంక."

"అరె! అది సోడా నీళ్లకు పగిలిన పెద్దోళ్ల చేతులకు. పసిదాని ఒంటికి ఎవరన్న రాస్తరా? అందులో మాడ్చినవ్ సుత!" ఆమె గొంతు పైకి లేచింది, వెంటనే వీధి వైపు చూసి తగ్గించుకుంది. అమ్మ తల వంచుకుంది. ఎవరైనా అలా అంటే పడే మనిషి కాదు అమ్మ, ఆ రోజు పడింది.

అక్కడ గానుగ లేదు, నూనెలు లేవు. ఉన్నది గేదె నెయ్యి. ఖాలమ్మ రాగి పళ్లెంలో నెయ్యి వేసి, చల్లని నీళ్లు పోసి, అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. కాసేపటికి నీళ్లు వంపి, కొత్త నీళ్లు పోసి మళ్లీ రుద్దింది. ఆమె చేయి నొప్పి పుడితే అమ్మ, అమ్మ తర్వాత నేను. ఎన్నిసార్లు కడిగామో లెక్క లేదు. పసుపుపచ్చ నెయ్యి మెల్లగా తెల్లబడి, నురగలా పొంగి, వాసన పోయి, చేతికి చల్లగా తగిలింది. వేపాకు కాచిన నీళ్లు చల్లార్చి, పిల్లను తుడిచి, ఆ తెల్లని నెయ్యి పైపైన అద్దింది. పిల్ల ఏడుపు వెక్కిళ్లుగా మారి, వెక్కిళ్ల మధ్యే నిద్రపోయింది.

అంతసేపూ గానుగాయన గోడవారన కూర్చుని ఒక తాడు పేనుతూ, విప్పుతూ, మళ్లీ పేనుతూ ఉన్నాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి. ఉన్నట్టుండి అమ్మను అడిగాడు.

"మా ఎద్దు ఎట్లున్నది?"

వచ్చేటప్పుడు దాన్ని తీసుకురాలేకపోయారు. దాన్ని తోలుకుపోతే దారి పొడుగునా అందరి కళ్లూ పడతాయని షెడ్డులోనే కట్టేసి, గడ్డి వేసి వచ్చారు. రోజూ తిరిగి పోతానంటాడట, ఖాలమ్మ పోనివ్వడం లేదు. మాకు ఆ ఎద్దు సంగతే గుర్తు లేదు.

"మంచిగనే ఉన్నదన్నా. మేం చూస్తున్నం" అంది.

నేను అమ్మ ముఖం చూశాను. ఆమె నా వైపు చూడలేదు. గానుగాయన తాడు కింద పెట్టి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

తిరుగు దారిలో అమ్మ వచ్చినప్పటికంటే వేగంగా నడిచింది. ఖాలమ్మ ఆకులో కట్టిచ్చిన నెయ్యి నా చేతిలో ఉంది. "వారం దాటింది. నీళ్లు లేక సచ్చిపోయుంటది. ఎందుకన్ననో ఆ మాట" అని తనలో తనే గొణుక్కుంది. ఇంటికి కాకుండా నేరుగా గానుగ ఇంటి వెనక్కి పోయింది. పెరటి గోడ ఒకచోట కూలి ఉంది. లోపల ఎద్దు నిలబడి గడ్డి నములుతోంది. ముందర నిండు తొట్టి. దాని పక్కన మా నాయన, రుమాలుతో దాని మెడ మీద ఈగలు తోలుతూ.

"నువ్వా?" అంది అమ్మ.

"ఇది ఆకలికి అరిస్తే ఎట్ల ఊకుంట? మొదటి రోజు నుంచే వస్తున్న."

"నన్ను ఇల్లు దాటొద్దంటివి."

"పిల్లనెత్తుకొని మల్కాజ్‌గిరి పోతవని తెలుసు. గందుకే అన్న." ఈగలు తోలుతూనే, "పిల్లకు ఎట్లున్నది?" అని అడిగాడు.

అమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది.

పిల్ల మెడ మానడానికి పదిహేను రోజులు పట్టింది. కుడివైపు చిన్న తెల్లమచ్చ నిలిచిపోయింది. సిపాయిలు బారకాసుల్లోకి తిరిగి రావడంతో నాయనకు మూటలు మళ్లీ మొదలయ్యాయి. దీపావళి దాటాక గానుగవాళ్లు తిరిగి వచ్చారు. ఎద్దును చూసి గానుగాయన దాని నుదుటి మీద తల ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఖాలమ్మ మళ్లీ రోజూ పొద్దున్నే వచ్చేది. మలాం చేయడం అమ్మకు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. కానీ ఇదివరకటిలా కాదు. వీధిలో ఏ చిన్న చప్పుడైనా చేతిలో నూనెతో అలాగే ఆగిపోయి వినేది. పిల్ల కాళ్ల మీద ఉండగానే లేవబోయేది. "ఏం లేదక్కా, కూర్చో" అని అమ్మ అనేది. కూర్చునేది, కానీ వెనకటిలా తన ఊరి కబుర్లు చెప్పేది కాదు.

రెండేళ్ల తర్వాత గానుగాయన అన్నదమ్ములు రమ్మంటున్నారని వాళ్లు మెదక్ వైపు వెళ్లిపోయారు. గానుగ రోలు అక్కడే వదిలేశారు. బండి ఎక్కే ముందు ఖాలమ్మ నడక నేర్చిన చెల్లెల్ని ఎత్తుకుని, మెడ మీద మచ్చను బొటనవేలితో ఒకసారి రుద్ది కిందికి దింపింది. ఉత్తరాలు రాసుకునే చదువు రెండిళ్లలోనూ లేదు. ఆ రోజు అమ్మ రేవుకు పోయి, పొద్దున తను ఉతికి ఆరేసిన దుప్పట్లనే తీసి మళ్లీ ఉతికింది. పక్క బండ మీద కూర్చుని, ఆమె పిండుతున్న దుప్పటి రెండో కొస నేను పట్టుకున్నాను.