పెద్దమ్మ కంట్లో అక్విడక్టు

గోదావరి మీద రైలు వంతెనకి ఇంకా స్తంభాలే లేస్తున్న ఆ రోజుల్లో, గీత వంకర లేకుండా గీయడంలో తనంతటివాడు లేడనుకునేవాడు ఒకడుండేవాడు. ఎవరినో అంటున్నాను గానీ, ఆ మనిషిని నేనే. ధవళేశ్వరం కాలవల ఆఫీసులో ఏడాదిన్నర ట్రేసరుగా పటాలు గీసి, పంతొమ్మిదో ఏట రాజమండ్రిలో ఒక కంటి డాక్టరు దొర దగ్గర చేరాను. దొరగారు కంటి జబ్బుల మీద పరిశోధన చేస్తున్నారు. పట్టపగలే కిటికీలు మూసి, మనిషి పక్కన దీపం పెట్టి, నడుమ చిల్లున్న చిన్న అద్దంతో ఆ వెలుగును కంట్లోకి పంపి, చిల్లులోంచి చూడాలి. అప్పుడు కంటి వెనక రెటీనా అనే పొర మీద సన్నటి రక్తనాళాలు కనపడతాయి. వాటిని ఉన్నవున్నట్టు కాగితానికి ఎక్కించడం నా పని. దొరగారికి విద్య బోలెడు ఉంది గానీ బొమ్మ రాదు. ఆయన గీసినవి చూసి మొదటిరోజే లోపల్లోపల నవ్వుకున్నాను. (ఆ నవ్వు తరవాత నాకే తగిలింది లెండి.)

మొదటిసారి అద్దంలోంచి చూసి, “అబ్బో, ఇది మన డెల్టాయే!” అనుకున్నాను. ఒక్కచోట నుంచి పెద్ద కాలవలు బయల్దేరి, చీలి, పిల్లకాలవలై నాలుగు దిక్కులా పాకుతున్నాయి. ఎర్రవి మంచి రక్తాన్ని తెచ్చే ధమనులు, ముదురు రంగువి తిరిగి తీసుకుపోయే సిరలు. అక్కడక్కడ ఎర్రది ముదురుదాని మీదుగా దాటుతోంది, అచ్చం ఒక కాలవని ఇంకో కాలవ మీంచి దాటించే అక్విడక్టులాగే. కాలవల ఆఫీసులో మా హెడ్డుగారు ఈ విషయంలో యముడు. “ఒరేయ్, కిందనుంచి పోయే కాలవ గీతని అటూ ఇటూ వెంట్రుకవాసి తెంపరా! లేకపోతే రెండు కాలవలూ కలిసిపోయాయనుకుంటాడు చూసేవాడు” అని నెత్తి మీద మొట్టికాయ వేసి మరీ నేర్పాడు. ఆ అలవాటుకొద్దీ, నాళం మీద నాళం దాటిన ప్రతిచోటా కింది సిరని అటూ ఇటూ ముచ్చటగా తెంపాను. కంట్లో అలా ఉందా అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

నెల తిరిగేసరికి దొరగారి ముఖం వెలిగిపోతోంది. ఏదో కొత్త జబ్బు కనిపెట్టారనీ, ఇంగ్లండులోని వైద్యుల పత్రికకి వ్యాసం రాస్తున్నారనీ కాంపౌండరు చెప్పాడు. ఆ జబ్బుకి కారణం మన తిండేనని దొరగారు తేల్చారు. వచ్చినవాళ్ళందరికీ ఉప్పు మానమనీ, కారం మానమనీ, ఆవకాయ జాడీ వంక చూడనే వద్దనీ ఉత్తర్వులు. రామచంద్రపురం రైతొకాయన చేతులు జోడించి, “కళ్ళు పోతే పోనీండి బాబూ, ఆవకాయ లేకపోతే ముద్ద ఎలా దిగుద్దండీ?” అని లేచి వెళ్ళిపోయాడు. నేను మాత్రం, ఇంత గొప్ప పరిశోధనలో నా చెయ్యి ఉంది కదా అని వీధిలో కాస్త రొమ్ము విరుచుకునే నడిచాను.

పోల్చి చూసుకోవడానికి జబ్బులేని కళ్ళు కావాలన్నారు దొరగారు. నేను ఎగిరి గంతేసి మా పెద్దమ్మని తీసుకెళ్ళాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నరసాపురంలో దొరసానుల దగ్గర నేర్చుకున్న లేసు అల్లికే ఆవిడ బతుకు, ఆవిడ గర్వం. చూపంటే ఆవిడదే చూపు. వీధి చివర పాదిరిగారు వస్తుంటే, ఆయన కోటుకి గుండీ ఊడిందని మా అరుగు మీంచే చెప్పేది. నేను ఎంతో శ్రద్ధగా పెద్దమ్మ కంటి బొమ్మ గీసి ఇచ్చాను. దొరగారు బొమ్మ చూశారు. అద్దం పెట్టి కన్ను చూశారు. తనకి తెలుగు చెప్పే మునిషీ దగ్గర నేర్చుకున్న గ్రాంథికంలో నెమ్మదిగా, “అమ్మగారూ, మీకును జబ్బు ప్రారంభమైనది. లేసు పని మానుడి. లేనియెడల చూపు పోవును” అన్నారు.

పెద్దమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి లేసు సూదులూ దారపుండలూ డబ్బాలో సర్ది అటక మీద పెట్టించింది. మర్నాడు పొద్దున చూద్దును కదా, కళ్ళకి గుడ్డ కట్టుకుని, చేత్తో గోడ తడుముకుంటూ నూతి దగ్గరికి నడుస్తోంది.

“ఏంటి పెద్దమ్మా ఇది?”

“ఉండరా, మాటాడకు. ఎలాగూ పోయేవే కదా, ఇప్పుడే అలవాటు చేసుకుంటే నీకు బరువవకుండా ఉంటాను.”

పరుగున వెళ్ళి, దేన్ని చూసి చెప్పారండీ అని దొరగారిని అడిగాను. ఆయన మురిసిపోతూ పెన్సిలు మొన నా బొమ్మ మీద ఆనించారు. “ఇదిగో, ధమని కింద సిర నలిగి తెగినది. అందరికీ ఇట్లే యున్నది!” ఆ పెన్సిలు కింద ఉన్నది జబ్బు కాదు, హెడ్డుగారి మొట్టికాయ.

అప్పుడే చెప్పేయాలి కదూ? చెప్పలేదు. నాలుగు రోజులు చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది, కాలవల ఆఫీసువాళ్ళు మళ్ళీ గడప తొక్కనివ్వరు. పైగా దొరగారు స్వయంగా అద్దంతో చూసి ఔనన్నారు కదా, నిజంగానే జబ్బు ఉందేమో కూడా! ఇలా ఎన్ని చెప్పుకున్నానో. (పిరికితనానికి ఇన్ని కారణాలు దొరుకుతాయని అప్పుడే తెలిసింది.) నాలుగో రోజు పెద్దమ్మ నన్ను వాకిట్లో వెలుతురుకి తిప్పి నిలబెట్టి, “కాసేపు కదలకురా, నీ మొహం బాగా చూసుకోనీ” అంది. ఇక నావల్ల కాలేదు.

దొరగారు వ్యాసం కవరులో పెడుతున్నారు. అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన ముఖం కందగడ్డయింది. “అసత్యము! నేనును చూచితిని!”

“బొమ్మ చూశాక చూశారండీ” అన్నాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

ఆయన కవరు బల్ల మీద పెట్టేశారు. తరవాత పెద్దమ్మని పిలిపించి, ఈసారి బొమ్మ లేకుండా అద్దం పెట్టి చూశారు. ఒక కన్ను, రెండో కన్ను, మళ్ళీ మొదటి కన్ను. అద్దం దించి మెల్లగా, “లేదు” అన్నారు. వ్యాసం చింపేశారు. ఆ వారమంతా మిగిలినవాళ్ళ కళ్ళు కూడా తానే చూసుకున్నారు. ఎవరికీ ఆ కొత్త జబ్బు లేదు. నన్ను మాత్రం, పెద్దమ్మ కళ్ళు చూసిన పూటే, “కనబడనిది గీయకుము. నేనును కనబడనిది చూడను” అని పనిలోనే ఉంచారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ పూట ఆసుపత్రి మెట్లు దిగుతూ పెద్దమ్మతో నిజం మొత్తం చెప్పాను, నాలుగు రోజులు నోరు మూసుకున్నానన్నది కూడా. చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆవిడ టక్కున ఆగి, “మరి నీ ఉద్యోగం ఉందా, పోయిందా?” అంది. ఉందన్నాను. “హమ్మయ్య” అని, అప్పుడు పట్టుకుంది ఏడుపు. నేనూ ఆవిడ పక్కనే మెట్ల మీద కూలబడి ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు, పాపం పెద్దావిడకి చూపు పోయినట్టుందని జాలిపడి వెళ్ళారు.

క్షమించింది గానీ ఊరికే వదిలిపెట్టలేదు. ఆ తరవాత ఇరవై ఏళ్ళపాటు, లేసు అల్లుకుంటూ, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నన్ను చూపించి, “మావాడి చెయ్యి సామాన్యమైంది కాదండీ. వీడు బొమ్మ గీస్తే లేని జబ్బు దొరలకి కూడా కనపడుద్ది” అనేది. పెళ్ళిచూపులకి వెళ్ళినచోట కూడా అంది. సిగ్గుతో చచ్చి, ఇంక అనొద్దు పెద్దమ్మా అని ఎన్నిసార్లు బతిమాలుకున్నానో. ఇప్పుడు ఆ మాట అనే మనిషి లేదు. అందుకే ఇంటికెవరైనా వస్తే, నా గురించి ఆ మాట నేనే చెప్పుకుంటున్నాను.