యోక్ మూయ్ పక్క గూడు

ఫూక్ సెంగ్‌ని నేను బావా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. ఆయన భార్య యోక్ మూయ్ నాకు సొంత అక్కకంటే ఎక్కువ, అంతే. మలేసియాలోని ఇపోలో, మా కాఫీ కొట్లోనే ఓ మూల ఆవిడ ఏళ్ల తరబడి నూడుల్స్ చేసి అమ్మింది. ఆయన గుర్రపుశాలలో పనిచేసి మానుకున్నవాడు. నడక చూసి గుర్రానికి ఎక్కడ నొప్పి ఉందో చెప్పగలనని ఆయనకో గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది.

యోక్ మూయ్‌కి ఒంటరిగా పడుకోవాలంటే చచ్చేంత భయం. జబ్బు ముదిరినప్పుడు మొగుడి వెంటపడి గుళ్లో అస్థికలు దాచే గూళ్లు రెండు, పక్కపక్కనే కొనిపించింది. ఆవిడ పోయాక గూటి పలక మీద ఆవిడ పేరుకు బంగారు రంగు వేశారు. పక్క గూటి మీద ఆయన పేరు మాత్రం ఎర్రరంగులోనే ఉంది, బతికున్నవాడి పేరు కాబట్టి. పోయిన పెద్దలను తలుచుకునే చింగ్‌మింగ్ పండక్కి గుడికి వెళ్లినప్పుడల్లా ఆయన ఆ ఎర్ర అక్షరాల మీద దుమ్ము తుడిచి, వస్తున్నాలే, తొందరపెట్టకు అని ఆవిడకి చెప్పేవాడు.

ఆవిడ పోయిన తర్వాతే ఫోను పట్టుకున్నాడు. ఎక్కడో ఆస్ట్రేలియాలో గుర్రాలు పరిగెడుతుంటాయి. ఈయన మా కొట్లో కూర్చుని ఫోన్లో చూస్తూ, పరుగు సగంలో ఉండగానే పందెం కాస్తాడు. ఏది అలిసిపోయిందో, దేనికి ఇంకా ఊపిరుందో కంటికి తెలిసిపోతుందట. నిజంగానే తెలిసేది కూడా. అయినా ఎప్పుడూ పోగొట్టుకునేవాడు. ఎవడో తన బుర్రలో దూరి తనకంటే ముందే కాసేస్తున్నాడని విసుక్కునేవాడు. అక్క వాడిన పెద్ద పెనంతో సహా ఇంట్లో అన్నీ అలాగే కరిగిపోయాయి.

ఒక శనివారం మధ్యాహ్నం పెర్త్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడక్కడ పందేల మైదానంలోనే వంటవాడు. వెనక ఒకటే హోరు. ఏమిటిరా ఆ గోల అంటే, నాలుగో నంబరు గుర్రం గెలిచిందన్నాడు. తలెత్తి చూద్దును కదా, బావ ఫోన్లో అదే మైదానం, గుర్రాలింకా మలుపు తిరుగుతున్నాయి. ఆయన వేలు ఏడో నంబరు మీద ఉంది.

"ఆగు బావా. నాలుగోది గెలిచేసింది."

"నీ మొహం. అదింకా వెనకెక్కడో ఈడుస్తోంది, చూడు."

నొక్కేశాడు. కాసేపటికి ఆయన ఫోన్లోనూ నాలుగో నంబరే ముందు గీత దాటింది.

"నువ్వు చూసేది అయిపోయిన పందెం బావా. అక్కడున్నోళ్లు చూసి, కాసేసుకుని, చేతులు దులుపుకున్నాక నీ దగ్గరికొస్తోంది."

ఆయన చల్లారిన కాఫీ అలాగే తాగేశాడు. ఇక మానేస్తాడని నేను లోలోపల సంతోషపడ్డాను, పిచ్చిదాన్ని. చివరికి ఆయన అడిగిందేమిటంటే, మీ తమ్ముడు ప్రతి శనివారం ఇలా ఫోన్ చేస్తాడా అని. ఉద్యోగం ఊడుతుందని వాడు ఒప్పుకోలేదు.

నేను చెప్పినదాంట్లో బావకి ఎక్కింది ఒక్కటే: తప్పు తన కంటిది కాదు, ఫోనుది. కొన్నాళ్లకే కొత్త ఫోను, కొత్త ఇంటర్నెట్ లైను వచ్చాయి. డబ్బెక్కడిదంటే నవ్వి ఊరుకున్నాడు. బొమ్మ అద్దంలా ఉండేది. గుర్రాలు మాత్రం ఆలస్యంగానే వచ్చేవి. చేతిలో మిగిలిందంతా వాటి వెనకే పోయింది. ఆ ఫోన్ విషయం ఎందుకు కదిపానా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

చింగ్‌మింగ్‌కి నేనే ముందు గుడికి వెళ్లాను. నారింజలు పెట్టి పక్కకి చూస్తే ఎర్ర అక్షరాలు లేవు. కొత్త పలక, బంగారు రంగులో ఎవరిదో పేరు, కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఫొటో. కొత్త ఫోను ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఇంతలో బావ వచ్చాడు. తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన నావైపు చూడలేదు. మూడు అగరొత్తులు భార్యకు వెలిగించాడు, మూడు ఆ పరాయి మనిషికి. ఆ కొత్త ఫొటో మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు.

"అయ్యా," అన్నాడు మెల్లిగా, "మా ఆవిడకి ఒంటరిగా పడుకోవాలంటే భయం. కాస్త చూసుకోండి."