అడ్డపొగ కాల్చిన పుండనుకున్నాం

మీ నాలుక మీద నొప్పిలేని పుండు ఒకటి లేచి, మీరు ప్రార్థన చేసిన తరువాత మానిపోయిందనుకోండి, అప్పుడు మీరు ముందు వెళ్ళేది సాక్ష్యం చెప్పడానికా, రక్తం చూపించుకోవడానికా?

సహోదరులారా, సహోదరీలారా, తొందరపడి జవాబు చెప్పకండి. నేను తొందరపడ్డాను. నా మాట విని ఒక సంఘమంతా చేతులెత్తి దేవుణ్ణి స్తుతించింది. ఆ ఆదివారం నా నోటిలో పుండు లేదు, కానీ రోగం ఉంది, నాకే తెలియకుండా నా కడుపులో అప్పుడే ఊపిరి పోసుకుంటున్న బిడ్డ వైపు అది చప్పుడు లేకుండా నడుస్తోంది.

నా పేరు మార్త. మాది అనంతగిరి కొండల్లో కాఫీ తోటల మధ్య ఒక చిన్న ఊరు. నా భర్త దానియేలు, మా అత్త సొంబరి, నేను, ఇంతే మా ఇల్లు. వానలు పట్టిన నెలల్లో మాకు తెల్లవారడమంటూ ఉండదు, లోయలోంచి మబ్బు లేచి వచ్చి సిల్వర్ ఓక్ చెట్లను, వాటిని పెనవేసుకున్న మిరియాల తీగలను, కింద కలుపు తీసే మమ్మల్ని ఒక్కటిగా కప్పేస్తుంది. పక్క సాలులో ఉన్న మనిషి కనబడదు, గొంతు మాత్రం వినబడుతుంది. ఆ తెల్లదనంలో పని చేస్తూ ఉంటే నేను నడుస్తున్నానో తేలుతున్నానో తెలిసేది కాదు.

ఆ చలికి మా ఆడవాళ్ళకు తోడు అడ్డపొగ. ఎరగనివారి కోసం చెబుతున్నాను, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని పెదవులు మూసి పీల్చడం అన్నమాట. వానకు ఆరదు, గాలికి ఎగరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. అంగిలి తెల్లబారని, నాలుక పొక్కని ఆడమనిషి మా తోటల్లో అరుదు. అందుచేత నా నాలుక అంచున చొక్కా బొత్తమంత పుండు లేచినప్పుడు అది ఎవరికీ వింతగా తోచలేదు.

"ఓలే మార్తా, నాలిక మీద అదేటే?" అంది మా అత్త, నేను నీళ్ళు పుక్కిలిస్తుంటే.

"నిప్పు తగిలింది కాబోలు అత్తా."

"నోట్ల నిప్పెట్టుకున్నదానికి పుండు రాక పువ్వు పూత్తాదేటి? నా పెళ్ళి కాణ్ణుంచి వత్తన్నాయి, పోతన్నాయి. నొప్పెడతందా?"

"నేదు."

"నొప్పి నేనిదానికి ఇంత సూసుకోడమేటి, బేగి రా, కలుపుంది."

మబ్బులోంచి ఎవరో నవ్వారు. "సొంబరొదిన నోరే పొయ్యి, ఇంక కుండెట్టడమొక్కటే తక్కువ."

అందరం నవ్వాం. నవ్వుల్లో ఒక ప్రశ్న జారిపోయింది. నిప్పు కాల్చిన పుండు మండుతుంది, ఉప్పు తగిలితే కళ్ళ నీళ్ళు తెప్పిస్తుంది. ఇది మండలేదు. గట్టిగా, నున్నగా, గుండ్రంగా కూర్చుంది. దవడ కింద ఒక గడ్డ కట్టింది, నొక్కినా నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాం, కొండల్లో మనకు ఇదే వైద్యశాస్త్రం.

పుండు మానక వారాలు గడిచేసరికి నాకు భయం వేసి సంఘానికి వెళ్ళాను. పాస్టరు అయ్యగారు నా నుదుటికి నూనె రాసి, నా తల మీద చెయ్యి ఉంచి, "ప్రభువా, ఈ కుమార్తె నాలుకను ముట్టుము, ఈ పొగను ఆమె నోటినుండి తీసివేయుము" అని ప్రార్థించారు. నేను ఆ రోజే చుట్ట మానేశాను. పుండు రోజురోజుకూ చిన్నదై, మచ్చ కూడా మిగలకుండా పోయింది. ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పాను. వింటూనే కొందరు అక్కలు కొంగున ముడి వేసుకున్న చుట్టలు తీసి బయట పారేశారు. చుట్టలు పారేయడం మంచిదే, ఇప్పుడూ మంచిదే అంటాను. దేవుడు దాన్ని మెచ్చుకునే ఉంటాడు. కానీ పుండు పోయింది చుట్ట మానినందుకు కాదు, నూనె రాసినందుకూ కాదు. పోవడం ఆ పుండు స్వభావం.

తరువాత నెలలు నాకు కలలాగే గుర్తున్నాయి. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నెల తప్పింది. వానలు వెనకబడ్డాయి, కాఫీ పండ్లు ఎర్రబడ్డాయి, ఎండ పలచని గంజిలా కొండల మీద పారింది. పండ్లు కోస్తుంటే అరచేతుల్లో రాగిరంగు మచ్చలు కనబడ్డాయి, దురద లేదు. కాఫీ పండు రసమన్నారు. అరికాళ్ళలోనూ మచ్చలున్నాయి, కాళ్ళతో కాఫీ ఎవరు కోస్తారని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. గొంతు గరగరలాడింది, చలి అన్నారు. పెదవుల లోపల, నాలుక మీద బూడిదరంగు పొరలు నత్త పాకిన జాడలా కనబడ్డాయి, వేవిళ్ళ వేడి అన్నారు. దువ్వెనకు జుట్టు ముద్దలుగా వచ్చింది, ఆడపిల్ల పుడుతుందన్నారు. ప్రతిదానికీ మా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. జవాబులు ఎక్కువైనచోట ప్రశ్నకు చోటుండదు సహోదరులారా.

గర్భిణులందరికీ చేసే రక్తపరీక్ష కోసం కింద ఆసుపత్రికి వెళ్ళాను. వేలికొసన సూదితో పొడిచి చుక్క రక్తం తీసి చిన్న పట్టీ మీద వేశారు, రెండు రోగాలను ఒకేసారి చూసే పట్టీ అది. ఒకటి ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ, అది లేదు. రెండోదాని దగ్గర గీత కనబడింది. డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది, నా అరచేతులు తిప్పి చూసింది, టార్చి వేసి నోరు చూసింది.

"నోట్లో ఎప్పుడైనా పుండు లేచిందా అమ్మా?"

"లేచింది. మానిపోయింది. ప్రార్థన చేశాం."

"మానిపోయిందంటేనే నాకు భయం" అంది ఆమె. "ఇది సిఫిలిస్. మన పెద్దవాళ్ళు సవాయి అనేవారు. మొదట పుండుగా వస్తుంది, మందు వేయకపోయినా మానుతుంది. మానినట్టు కనబడి రక్తంలోకి వెళ్తుంది. ఈ మచ్చలూ, ఈ పొరలూ అదే. ఊరుకుంటే ఇవీ పోతాయి, అది మాత్రం పోదు."

"చుట్ట వల్ల వచ్చిందా?"

"చుట్ట దీన్ని దాచింది, తేలేదు. రోగం ఉన్నవాళ్ళ పుండు తగిలితే వస్తుంది. భార్యాభర్తల మధ్య ముద్దుతో కూడా రావచ్చు." ఆమె నా పొట్ట వైపు చూసింది. "మందు వేయకపోతే బిడ్డకు ఎక్కుతుంది. కడుపులోనే పోవచ్చు, రోగంతో పుట్టవచ్చు. ఇప్పుడు వేస్తే చాలావరకు కాపాడుకోగలం. మీ ఆయన్ని కూడా తీసుకురావాలి. ఆయనకు నయం చేయకపోతే నీకు మళ్ళీ వస్తుంది."

రక్తంలో రోగం ఎంత ఉందో కొలిచే మరో పరీక్షకు నరంలోంచి రక్తం తీశారు. నేను బయటకు వచ్చి వరండా బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా కరిగిపోతున్నాయి. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన వాదానికి నిలబడే మనిషి. మా కొండల్లో దిసారి అని ఉంటాడు, రోగానికి మంచిరోజు చూసి కోడిని కోసే పూజారి. సంత నడిమధ్యన మా నాన్న ఆయన్ని నిలదీసేవాడు. "పోయే జొరానికి కోడినెందుకురా సంపుతావు? కొయ్యకుండా ఒకపాలి ఊరుకుని సూడు, పోతాదో లేదో." జనం నవ్వేవారు. నేను ఆ మాటలు వింటూ పెరిగి, బడిలో అవే మాటలతో వాదన పోటీలు గెలిచి, పెద్దయ్యాక క్రీస్తును నమ్ముకున్నాను. నమ్మాను కాబట్టి దిసారి తర్కం నన్ను వదిలిపోయిందనుకున్నాను. ఎక్కడ వదిలింది? పోయే పుండుకు నేను కోడికి బదులు నూనె పెట్టాను, అంతే తేడా. మంత్రగాడు చెబితే మూఢత్వం, మనం చెబితే విశ్వాసం అయిపోతుందా? ప్రభువు కుష్ఠరోగిని శుద్ధి చేశాక కూడా వెళ్ళి యాజకుడికి నీ ఒళ్ళు చూపించుకో అన్నాడు కదా. స్వస్థపరచినవాడే పరీక్ష చేయించుకోమంటే, పరీక్షకు వెళ్తే విశ్వాసం తక్కువని మనకు నేర్పినదెవరు?

అక్కడే, మందుల వాసన మధ్య ప్రార్థించాను. "తండ్రీ, నాకు అద్భుత సూచన వద్దు. ఉన్నది ఉన్నట్టు చూసే ధైర్యం ఇవ్వు. ఈ బిడ్డను నాకు ఉంచు." లేచి సూదికి సిద్ధమని చెప్పాను.

మందు పెన్సిలిన్. నా ఒంటికి పడుతుందో లేదో ముందు కాస్త వేసి చూశారు, తరువాత రెండు తుంట్లకూ సూది ఇచ్చారు. మందు పడగానే చచ్చే క్రిములు ఒకరోజు జ్వరం తెస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పి, కడుపుతో ఉన్నదాన్నని అక్కడే పడుకోబెట్టింది. సాయంత్రానికి వణుకు వచ్చింది. గోడలు పలచబడి మా లోయ మబ్బు గదిలోకి నిండినట్టయింది, కాఫీ మొక్కల మధ్య తెల్లటి గుడ్డి వెలుగులో నేను వెతుకుతూ నడుస్తున్నాను, ఎక్కడో దగ్గరలోనే ఒక పసిపిల్ల నవ్వుతోంది, కనబడటం లేదు, నవ్వు మాత్రం చెమ్మగా నా ముఖానికి తగులుతోంది. జ్వరం తగ్గి కళ్ళు తెరిచేసరికి కడుపులో బిడ్డ మెల్లగా కదిలింది. ఆ కదలికను మించిన కీర్తన నేను వినలేదు.

నా భర్త అన్నం పట్టుకుని వచ్చాడు. సంగతి చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నాకేటీ నేదే."

"నాకూ ఏటీ నేదనే కద మావా, ఊరంతా సప్పట్లు కొట్టినాది."

ఆయన అన్నం గిన్నె నా పక్కన పెట్టాడు. "ఇసాకపట్నంలో కట్టుబడి పనికెల్లినప్పుడు తప్పు జరిగిపోనాది మార్తా. తరవాత పెదిమ లోపల ఒక పుండు లేసింది. పోయింది. పోయింది కదాని ఊరుకున్నాను."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ బిడ్డ ముందు కోపం ఆగుతుంది. "నిన్ను తిట్టడానికి బోలెడు బతుకుంది మావా. ముందెల్లి రగతం సూపించుకో."

ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఈసారి లోపలికి వెళ్ళాడు. గీత ఆయనకూ కనబడింది, సూది ఆయనకూ పడింది. డాక్టరమ్మ సరేననేదాకా వేరుగా పడుకోమంటే పడుకున్నాం. ఇప్పటికీ ఆయన్ని తిట్టడం పూర్తవలేదు, క్షమించడం మాత్రం మొదలుపెట్టాను.

ఊళ్ళో మాట పాకింది. నా నోరు నయమయ్యాక కూడా, బల్ల ఆరాధనలో, అందరం ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం తాగేటప్పుడు, ఆ గిన్నె నా దగ్గరకు వచ్చేసరికి వరుసలో కదలిక. గిన్నెతో, కంచంతో ఈ రోగం పాకదని చెవిలో చెబితే ఎవరు వింటారు? నేను లేచి, మొదటి సాక్ష్యం ఇచ్చినచోటే నిలబడి, పుండు, మచ్చలు, పట్టీ, సూది, అన్నీ పేరు పెట్టి చెప్పాను. మా అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు నేను తాగి ఇచ్చిన గిన్నె అందుకుని తాను తాగి, పక్కవారికి అందించారు. అప్పటి నుంచి ఆయన రోగుల మీద చెయ్యి ఉంచి ఆమేన్ అన్నాక, "ఆసుపత్రికి ఎప్పుడు వెళ్తున్నావు?" అని అడుగుతున్నారు.

ఆడపిల్ల పుట్టింది. పిల్లకు రక్తం చూశారు, ఒళ్ళు చూశారు, రోగం అంటలేదన్నారు, ఇంకా కొన్నాళ్ళు చూస్తూ ఉండాలన్నారు. నా రక్తంలోనూ రోగం కొలత తగ్గుతూ వచ్చింది, వేలి పట్టీ మీద గీత మాత్రం నయమైనా జీవితాంతం కనబడవచ్చట. మా అత్త పిల్ల ఏడుపు విని, "ఏటి గుంటా, ఊరంతా ఇనాలేటి? అచ్చం మీయమ్మ నోరే" అంది. అంత మెప్పు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

సూది మందును మనిషి చేతికిచ్చి, భయపడే నా కాళ్ళను అక్కడికి నడిపించిన దేవునికే మహిమ. ఆయన్ని నమ్మండి. నమ్మినవారు వెలుగుకు దాక్కోరు. నీ నోటిలో, నీ ఒంటిమీద నొప్పిలేని పుండు ఎప్పుడైనా లేచి మానిందా? అరచేతుల్లో మచ్చలు వచ్చి పోయాయా? కడుపుతో ఉన్నావా? అయితే వచ్చే ఆదివారం దాకా ఆగవద్దు. ప్రార్థన చేసుకో, లేచి నీ భర్తను, నీ భార్యను వెంటబెట్టుకో, రేపే ఆసుపత్రికి వెళ్ళి ఇద్దరూ సిఫిలిస్ పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి.