తులిప్ తోటలో శాంతమ్మ సమాధి

చేవెళ్లలో జనార్దన్ స్టూడియో ఎక్కడని అడిగితే, దారి చూపించే ముందు ఒక మాట చెబుతారు. ఫొటో దిగేటప్పుడు కన్ను ఆర్పకండి, ఆ మనిషికి కోపం ఎక్కువ అని. ఎంత ఎక్కువో నేను చెప్పగలను. ఒక పెళ్లిలో ఆయన "కదలకుండ్రి" అని అరిస్తే, బయట రోడ్డు మీద వికారాబాద్ పోయే బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను కట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ బస్సులో నేనున్నాను కాబట్టి ఇది అబద్ధమని అనడానికి ఎవరికీ వీల్లేదు. మా కాన్వెంటులో ఒక మదర్ ఉండేది. ఆమె కళ్లెర్రజేస్తే గంట మోగకముందే ప్రార్థన మొదలయ్యేది. జనార్దన్ కెమెరా ముందు నిలబెడితే ఆమె కూడా బుద్ధిగా గడ్డం పైకెత్తి ఉండేది.

అయితే ఆ కోపానికి ఒక మొదలుంది. రీలు కెమెరాల కాలంలో ఒక వానాకాలం స్టూడియో కప్పు కారింది. అట్టపెట్టెలో దాచిన నెగెటివులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. అందులో వాళ్ల నాన్న ఆంజనేయులు నవ్విన ఫొటో ఒకటుంది. బతికినన్నాళ్లూ కెమెరా ముందు ఆ ముసలాయన నవ్వింది ఆ ఒక్కసారే. తర్వాత ఆయనా పోయాడు. అప్పటినుంచి, తీసిన ఫొటో పోయిందని ఎవరైనా తేలిగ్గా అంటే జనార్దన్ ఒళ్లు మండిపోయేది.

డిజిటల్ కెమెరా వచ్చేసరికి మా వైపు కాలమే మారింది. గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేచాయి. వాటిలో ఉద్యోగాలు చేసేవాళ్లు ఆదివారాలు మొయినాబాద్ చుట్టుపక్కల పొలాలు చూడటానికి కార్లలో వచ్చేవాళ్లు. పొలం అమ్మిన ఇంట్లో పెళ్లి జరిగితే వెయ్యి ఫొటోలకు తక్కువ ఒప్పుకునేవాళ్లు కాదు. జనార్దన్ రెండు హార్డ్ డిస్కులు కొన్నాడు. ఒకటి చేవెళ్ల స్టూడియోలో, రెండోది ఆలూరులో తల్లి బాలనర్సమ్మ దగ్గర ఇనుప పెట్టెలో. వారానికోసారి పాత ల్యాప్‌టాప్ భుజానికి తగిలించుకుని ఆలూరు పోయి, ఆ వారం తీసిన ఫొటోలు అక్కడి డిస్కులోకి ఎక్కించి వచ్చేవాడు. రెండు డిస్కులూ ఒకే కప్పు కిందికి రాకూడదన్నది ఆయన నియమం. ఒక ఊళ్లో కప్పు కారినా, దొంగలు పడ్డా, రెండో ఊళ్లో ఫొటో బతికే ఉంటుంది. ఈ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. మీరేం దాస్తున్నారని నిలదీసి, జవాబు రాకపోతే తిట్టేవాడు.

ఆ రోజుల్లో జనానికి ఒక పిచ్చి పట్టింది. ఫొటోలో వెనకాల ఉన్నది ఎవరికీ నచ్చేది కాదు. పశువుల కొట్టం తీసేసి మంచుకొండలు పెట్టమనేవాళ్లు. పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మను పడవలో కూర్చోబెట్టమనేవాళ్లు. జనార్దన్ తిడుతూనే కంప్యూటర్లో అన్నీ మార్చి ఇచ్చేవాడు. మా ఇంటి ముందు తీసిన ఫొటోలో నేను జలపాతం కింద నిలబడి ఉన్నాను, చొక్కా మాత్రం తడవలేదు.

చిన్న మంగళారంలో శాంతమ్మ చనిపోయినప్పుడు భూస్థాపనకు ఫొటోలు తీసింది కూడా ఆయనే. అక్కడి క్రైస్తవ కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. పెట్టె మూయకముందు సమాధుల తోటలోనే, గుంత పక్కన అయినవాళ్లంతా చుట్టూ నిలబడి చివరి ఫొటో దిగుతారు. శాంతమ్మ కూతురు ప్రేమజ్యోతి మొయినాబాద్‌లో టీచరు. శాంతమ్మ భర్త నతానియేలు రైతు. ఫొటో చూసుకుని నతానియేలు కళ్లు తుడుచుకుంటూ, వెనకాల అంతా సర్కారు తుమ్మ ముళ్లు కనబడుతున్నాయని, ఆమె అంత ముళ్లల్లో పోయినట్టు ఉండొద్దని బతిమాలాడు. జనార్దన్ ముళ్లు తీసేసి ఎర్రటి తులిప్ పూల తోట పెట్టాడు. బంధువులందరి ఇళ్లలోనూ గోడలకెక్కింది ఆ తులిప్ ఫొటోనే. ముళ్లున్న అసలు ఫొటో రెండు డిస్కుల్లో ఉండిపోయింది.

మూడేళ్ల తర్వాత దసరా వచ్చింది. ఆయుధ పూజకు పనిముట్లన్నీ ఒకచోట పెట్టి బొట్టు పెట్టాలి. కెమెరాలు, లైట్లు, కంప్యూటర్, స్టూడియో డిస్కు అన్నీ పీట మీదికి చేరాయి. జనార్దన్ భార్య ఉమారాణి, ఆలూరు డిస్కు కూడా తెమ్మంది. ఆయన కుదరదన్నాడు.

"అది గూడ మనకు అన్నం పెడుతున్నది గద. ఒక్కదానికి బొట్టు పెట్టి, ఒక్కదాన్ని ఇడిసిపెడితే మంచిగుంటదా?" అంది ఆమె.

ఆలూరు నుంచి ఫోన్లో బాలనర్సమ్మ కూడా కోడలి మాటే అంది. చివరికి ఒక్క పూటకే కదా అని, తిట్టుకుంటూనే బండి మీద పోయి డిస్కు తెచ్చాడు. రెండు డిస్కులకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టారు. సరిగ్గా కొబ్బరికాయ కొట్టే సమయానికి ఒక పెళ్లికొడుకు మేనమామ ఫోన్ చేశాడు. ఆల్బంలో తన పొట్ట తగ్గించలేదని గొడవ. జనార్దన్ చెవికి ఫోన్ ఆనించుకుని, ఆ మేనమామ మీది కోపమంతా కొబ్బరికాయ మీద చూపించాడు. ఒక చిప్ప ఎటు పోయిందో ఇప్పటిదాకా దొరకలేదు. శంకర్‌పల్లి స్టేషన్లో రైలు కింద పడిందని కొందరు, లేదు రైలెక్కిందని కొందరు అంటారు. నీళ్లు మాత్రం తిన్నగా పీట మీద పడ్డాయి. ఆయన ఫోన్లో తిట్టుడు ఆపకుండానే డిస్కులను తువాలుతో తుడిచి, పూజ అయ్యాక పనిచేస్తాయో లేదో చూద్దామని ఒకదాని తర్వాత ఒకటి కరెంటుకు పెట్టాడు. రెండూ చిటపటమని పొగలొచ్చి ఆగిపోయాయి.

అన్నేళ్లు రెండు ఊళ్లలో కాపాడుకున్నవి ఒకే పీట మీద పోయాయి. డిస్కు తెమ్మన్నది నువ్వేనని ఆయన ఉమారాణి మీద లేచాడు. కొబ్బరికాయ కొట్టింది ఎవరని ఆమె అడిగేసరికి, పీట మీది బంతిపూలు ఏరడం మొదలుపెట్టాడు.

దీపావళి దాటాక ప్రేమజ్యోతి తులిప్ ఫొటోను ఫ్రేముతో సహా చంకలో పెట్టుకుని స్టూడియోకు వచ్చింది. సమాధుల తోట పక్క పొలాన్ని ఇళ్ల ప్లాట్లు అమ్మే వెంచరు వాళ్లు కొన్నారు. బుల్డోజరుతో చదును చేసేటప్పుడు తోటలో తూర్పు అంచు కూడా చదునైపోయింది. దాని మీద మొరం మట్టి పోసి గోడ కడుతున్నారు. ఆ గోడ అవతలికి పోయినవి మూడు సమాధులు. ఒకటి శాంతమ్మది. మిగిలిన రెండూ ప్రేమదాసు అనే పాలాయన పిల్లలవి. పుట్టిన వారానికే పోయిన కవలలు. వాళ్ల ఫొటోలు తీసి, వెనకాల పూలు పెట్టి ఇచ్చింది కూడా జనార్దనే. తుమ్మచెట్లు, రాళ్లు, గుర్తులు ఏవీ మిగల్లేదు. ఊళ్లో పదిమందిని అడిగితే పది చోట్లు చూపిస్తున్నారు. అక్కడ సమాధులే లేవని వెంచరు ఏజెంటు శ్రవణ్ వాదన. ప్రేమజ్యోతి వాళ్లమ్మ భూస్థాపన ఫొటో తీసుకుపోయి చూపిస్తే అతను ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూశాడట.

"మీ అమ్మ సమాధి ఫారిన్ల ఉన్నదక్కా. గీడ దేవులాడితే ఎట్ల దొరుకుతది?" అన్నాడట.

అతని పక్కనున్న మేస్త్రీలు నవ్వారట. ఆమె ఏడవడానికి రాలేదు. అసలు ఫొటో తెచ్చి ఆ నవ్వు ఆపించాలని వచ్చింది.

జనార్దన్ తల ఎత్తకుండా, ఫొటోలు పోయాయన్నాడు.

"రెండు ఊర్లల్ల పెట్టిన అని చెప్పుకుంట తిరిగినవ్ గద అన్నా. రెండు ఊర్లు ఒక్క దినమే ఎట్ల మునిగినయ్?"

దసరా సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆమె అంతా విని, ఫ్రేము బల్ల మీద పెట్టింది.

"మా అమ్మను కొబ్బరి నీళ్లల్ల కలిపినవ్."

ఆయనకు కోపం వచ్చింది. ముళ్లు తీసి పూలు పెట్టమన్నది మీ బాపు కాదా అని అరిచాడు. పెట్టమంటే పెడతావా, ఆయన ఏడుస్తున్నాడు, నువ్వు ఏడవలేదు కదా, నీకు తెలివి లేదా అని ఆమె ఇంకా గట్టిగా అరిచింది. స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్న మనిషి చప్పుడు చేయకుండా లేచి పోయాడు. తన మాట మీద మరొకరి మాట లేవడం జనార్దన్ అంతకుముందు ఎరగడు. లోపలినుంచి ఉమారాణి వచ్చి, ఆ రెండు డిస్కులనూ సంచిలో వేసి ఆయన చేతికిచ్చింది. పట్నంలో బాగుచేసేవాళ్లున్నారంట, తిట్టుకునేది బస్సులో తిట్టుకోండి అంది.

పట్నంలో డిస్కులు బాగుచేసే అతను ముందుగా జనార్దన్‌కే చీవాట్లు పెట్టాడు. తడిసినదాన్ని ఆరనివ్వకుండా కరెంటుకు ఎవరు పెట్టమన్నారు, బుద్ధున్నవాడు చేసే పనేనా అని. జనార్దన్ చేతులు కట్టుకుని నిలబడటం ప్రేమజ్యోతి కళ్లారా చూసింది. స్టూడియో డిస్కు పనికిరాదని తేలింది. ఆలూరు డిస్కులో మాడింది పైనున్న సర్క్యూట్ పలక మాత్రమే. అలాంటి డిస్కే ఇంకొకటి వెతికి, దాని పలక తీసి దీనికి బిగిస్తే కొంతవరకు నడిచింది. సగం ఫొటోలు బయటికొచ్చాయి. ఆ సగంలో శాంతమ్మ ఉంది. కవలల ఫొటోలు రాలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా డిస్కు ఆ భాగం దగ్గరికి రాగానే టకటక కొట్టుకుని ఆగిపోయేది.

మండల సర్వేయరు వచ్చిన రోజు ఊరంతా గోడ దగ్గర చేరింది. నేను కూడా వెళ్లాను, మంచి జాగా చూసుకుని నిలబడ్డాను. జనార్దన్ అసలు ఫొటో పెద్దగా ప్రింటు తీసి తెచ్చాడు. పెట్టె చుట్టూ మనుషులు, వెనక తుమ్మ ముళ్లు, ఆ వెనక కరెంటు టవరు, టవరు రెండు కాళ్ల మధ్య ఊళ్లోని చర్చి శిలువ. శ్రవణ్ దాన్ని ఒక్కసారి చూసి సర్వేయరు వైపు తిరిగాడు.

"సార్, ఈయన కంప్యూటర్ల తాజ్‌మహల్ గూడ చేవెళ్లకు తెస్తడు. పూలు పెట్టినోడు ముండ్లు పెట్టలేడా?"

జనం గొణిగారు. ఆ మాటలో నిజం ఉంది, అందుకే అందరికీ మండింది. జనార్దన్ మెడ నరాలు ఉబ్బడం చూసి నేను చెవులు మూసుకోబోయాను. కానీ ఆయన అరవలేదు.

"నమ్మకు. తవ్వు" అన్నాడు.

కెమెరా కంటికి పెట్టుకుని మొరం మీద నడవడం మొదలుపెట్టాడు. ఆ రోజు వాడిన లెన్సే బిగించాడు. శిలువ టవరు కాళ్ల మధ్యకు వచ్చేదాకా పక్కకు జరిగాడు. ప్రింటులో ఉన్నంత ఎత్తులో కనిపించేదాకా వెనక్కి నడిచాడు. మేస్త్రీలు అడ్డుగా నిలబడితే వాళ్లను తిట్టాడు. ప్రేమజ్యోతి ప్రింటు పట్టుకుని పక్కనే నడిచి, ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అంటూ ఆయన్ని తిట్టింది. చివరికి ఆయన ఆగి, తను నిలబడ్డ చోటునుంచి టవరు వైపు చేయి చూపించి, పెట్టె అక్కడ ఉండిందన్నాడు.

నతానియేలు గడ్డపార అందుకున్నాడు. మోకాలి లోతు మొరం తీశాక ఇనుము రాతికి తగిలిన చప్పుడు వినిపించింది. చేతులతో మట్టి తీశారు. షాబాదు బండ, ఒక మూల విరిగి ఉంది. దాని మీద శిలువ, శాంతమ్మ పేరు. ప్రేమజ్యోతి ఆ బండ మీద కూర్చుని, శ్రవణ్‌ను పేరు పెట్టి పిలిచింది.

"ఇప్పుడు నవ్వు. నేను జూస్త."

అతను నవ్వలేదు. ఫోను చెవికి పెట్టుకుని కారు వైపు నడిచాడు.

ప్రేమదాసు అప్పటిదాకా జనం వెనకాలే ఉన్నాడు. ముందుకొచ్చి, మా పిల్లలయి ఏడున్నయ్ అన్నా అని జనార్దన్‌ను మెల్లగా అడిగాడు. జనార్దన్ కెమెరా దించాడు. ఎక్కడ నిలబడాలో చూసుకోవడానికి ఈసారి ఫొటో లేదు. ప్రేమదాసు తనకు గుర్తున్న చోటు చూపించాడు, అతని భార్య ఇంకో చోటు చూపించింది. రెండు చోట్లా తవ్వారు, ఏమీ దొరకలేదు. పసిపిల్లల సమాధుల మీద బండలు వేయలేదు, రెండు గుండ్రాళ్లు పెట్టారంతే. వాటిని బుల్డోజరు ఎటు నెట్టిందో ఎవరికి తెలుసు. పొలమంతా తవ్వించే అధికారం తనకు లేదని, దొరికినంతవరకే రాయగలనని సర్వేయరు చెప్పాడు.

గోడ కూలగొట్టి మళ్లీ కట్టారు. ఇప్పుడు ఆ దారిన పోతుంటే అది తిన్నగా వచ్చి, శాంతమ్మ దగ్గర మోచేయిలా వంగి, మళ్లీ తిన్నగా పోవడం కనిపిస్తుంది. ఆ వంపు అవతల ఎక్కడో, ఎవరిదో ఇంటి స్థలంలో, రెండు చిన్న సమాధులు ఉండిపోయాయి.

జనార్దన్ ఇప్పుడు మూడు ఊళ్లలో మూడు డిస్కులు పెట్టాడు. అసలు ఫొటో ప్రింటు కూడా తీసుకుపోతేనే వెనకాల పూలు పెడతానంటాడు. వద్దన్నవాళ్లను మెట్లు దిగేదాకా తిడతాడు. ఊళ్లో సగం మంది తిరిగి ఆయన్ని తిట్టారు. నతానియేలు తిట్టాడు, ఉమారాణి ఇప్పటికీ తిడుతుంది. అదంతా ఆయన తట్టుకోగలడు. ప్రేమదాసు మాత్రం రోజూ స్టూడియోకు పాలు పోస్తాడు, బాగున్నావా అన్నా అని అడుగుతాడు, ఒక్కనాడు కూడా ఒక్క మాట అనడు. అతని సైకిలు మలుపు తిరిగేదాకా చూసి జనార్దన్ లోపలికొస్తాడు. ఆ పూట స్టూడియోలో ఎవరు కూర్చున్నా సరే, కన్ను ఆర్పినా ఆర్పకపోయినా, తిట్లు తప్పవు.