పచ్చి కట్టె అన్న మాట

ఇప్పుడు కాన్వాసు ఇంటికే వస్తోంది, ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని, తెల్లగా, బిగువుగా. మా కాలమే బాగుండేదని చెప్పే మనుషులంటే నాకు చిరాకు. అయినా చెబుతున్నాను, మా కాలంలో కాన్వాసును మేమే చేసుకునేవాళ్లం, మేమే పాడుచేసుకునేవాళ్లం.

ఆదోనిలో డిగ్రీ చదివే రోజులు. అంగళ్లలో రంగుల ట్యూబులు దొరికేవి గానీ వాటిని పూయడానికి గుడ్డ లేదు, దాన్ని నిలబెట్టే ఈజిల్ లేదు. మా వీధి చివర తలుపులూ మంచాలూ చేసే చాచా దగ్గరికి ఈజిల్ బొమ్మ గీసుకుని వెళ్లాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నాలుగో కాలు యాడ మర్సిపోయినావు పాపా?"

"మూడే చాచా. ఎగుడుదిగుడు నేల మీద మూడు కాళ్లదే ఊగకుండా నిలబడేది."

"నలభై ఏండ్లుగా మంచాలు సేస్తాండా. ఒక్కరూ ఈ మాట సెప్పలే సూడు!"

వాదించి చేయించుకున్నాను. గుడ్డ బిగించడానికి ఒక చట్రం కూడా చేసి ఇచ్చాడు.

గుడ్డ కోసం ఎమ్మిగనూరు వెళ్లాను. మా చిన్నమ్మ వాళ్లది మగ్గాల ఇల్లు. అప్పుడే మగ్గం మీద నుంచి కోసిన దళసరి నూలుగుడ్డ ఇచ్చింది. నేతకు ముందు నూలుకు పట్టించిన గంజి ఇంకా అందులోనే ఉంది. అట్టలా నిలబడుతోంది.

"బాగ ఉతికి వాడుకో. కొత్త బట్ట నీళ్లు తాగితే ముడుసుకుంటాది."

"ఉతికితే గంజి పోతాది కదా చిన్నమ్మా. నాకు ఈ బిగువే కావల్ల."

"సదువుకున్నదానివి, నీకు సెప్పేదాన్నా నేను!" అని మూతి తిప్పుకుంది.

ఉతకలేదు. చట్రానికి మేకులతో బిగించి, పైన నీళ్లలో కాచిన వేడి జిగురు పూశాను. ఆరేసరికి గుడ్డ డప్పులా మోగింది. చట్రం మాత్రం మెలితిరిగి ఒక మూల పైకి లేచింది.

దాన్ని చంకన పెట్టుకుని చాచా దగ్గరికి పరుగెత్తాను. కొత్త ఇంటికి తలుపులన్నీ చేయించాలని వచ్చిన ఒక పెద్దమనిషి ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అది చూసైనా ఆగాల్సింది.

"పచ్చి కట్టె అంటగట్టినావు చాచా!" అని వీధంతా వినేలా అరిచాను.

పెద్దమనిషి చట్రాన్ని చూశాడు, చాచాను చూశాడు. "మళ్లా వస్తాలేప్పా" అని లేచిపోయాడు.

చాచా చట్రాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. ఒక్కొక్క మేకే పీకాడు. గుడ్డ ఊడగానే చట్రం మెలి వదిలి నేల మీద చదునుగా పడుకుంది.

"కట్టె పచ్చిదా పాపా? సెప్పు."

నలభై ఏళ్ల పనితనంతో తెచ్చుకున్న పేరును ఒక్క కేకతో పోగొట్టాను.

ఆ సాయంత్రమే పెద్దమనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, తప్పు గుడ్డది, గుడ్డ ఉతకని నాది అని చెప్పాను. "ఆయప్ప పంపించినాడా నిన్ను?" అన్నాడు. తిట్టినప్పుడు వెంటనే నమ్మిన మనిషిని, మెచ్చుకున్నప్పుడు నమ్మించడానికి గంట పట్టింది. చివరికి, "రెండు తలుపులు సేయనీలే, సూస్తా" అన్నాడు. మిగతావి ఎమ్మిగనూరులో చేయించుకున్నాడు.

నేను ఉతికి తెచ్చిన గుడ్డను చాచానే చట్రానికి బిగించాడు.

"బొమ్మ అయినంక సెప్పు పాపా, గోడకి మేకు నేనే వచ్చి కొడతా. నువ్వు కొడితే గోడ పచ్చిదంటావు."